పెట్టిన తప్పు, పడిన తప్పు

ఫిజాకి చదువంతా చేతుల్లోనే ఉంది, కాగితం మీదికి రాదు. ఈ మాట గిట్టనివాళ్ళెవరో అన్నది కాదు, ఆ పిల్లే తన గురించి తను చెప్పుకునేది. బందరులో వాళ్ళ నాన్న సలాంది రోల్డ్‌గోల్డ్ పని. గాజులకీ గొలుసులకీ పూత పట్టించే తొట్టెల మధ్యే పెరిగింది. కరెంటు ఎంత పెడితే పూత మెరుస్తుందో, ఎంత దాటితే మాడుతుందో చూస్తూ చూస్తూ ఎమ్మెస్సీ ఫిజిక్స్ దాకా వచ్చేసింది. ల్యాబులో ఏ మీటరు మొరాయించినా "ఫిజాని పిలవండర్రా" అనేవాళ్ళు. అది వచ్చి రెండు స్క్రూలు తిప్పితే ఆ మీటరు బుద్ధిగా పని చేసేది.

ఏం లాభం! పోయిన ఏడు పీహెచ్‌డీ ఇంటర్వ్యూకని బెంగళూరులో ఒక పరిశోధన సంస్థకి వెళ్ళింది. ప్రయోగాల గురించి అడిగినంతసేపూ గలగలా చెప్పింది. చివర్లో ఒకాయన మార్కర్ చేతికిచ్చి, "నువ్వు తీసిన రెండు కొలతలు ఒకదాన్ని బట్టి ఒకటి మారుతున్నాయనుకో. అప్పుడు మొత్తం మీద తేడా ఎంత వస్తుందో బోర్డు మీద కట్టు" అన్నాడు. ఫిజా మార్కర్ పట్టుకుని నిలబడిపోయింది. "ప్రయోగాలు చేసేవాళ్ళకి లెక్కలెందుకులే అనుకున్నావా?" అని ఆయన నవ్వాడు. తిట్టినా బాగుండేది. ఆ నవ్వు బందరు దాకా దాని వెంటే వచ్చింది.

ఫెలోషిప్ అర్హత ఇంకొక్క ఏడాదే ఉంది. ఆ ఏడూ దాటితే పీహెచ్‌డీ ఆశ వదులుకోవాల్సిందే. అప్పుడు పాత లెక్చరరొకాయన చెప్పారు: "గుడివాడలో హనోకు మాస్టారని ఉన్నారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఫీజు పుచ్చుకోరు. ప్రాణాలు మాత్రం తీస్తారు."

అలా ఫిజా ప్రతి ఆదివారం మధ్యాహ్నం బందరులో పాసింజరు ఎక్కి, పెడన, గుడ్లవల్లేరు దాటి గుడివాడలో దిగడం మొదలైంది. మాస్టారు చర్చి నుంచి వచ్చి, భోంచేసి, ఆ తెల్లచొక్కా మీదే వసారాలో నల్లబోర్డు ముందు నిలబడి ఉండేవారు. ఆయన భార్య సువార్తమ్మ ఒక కుర్చీ వేసి, మజ్జిగ గ్లాసు పెట్టి లోపలికి వెళ్ళిపోయేది.

మొదటి రోజు ఊయల లెక్క చెప్పారు. ఊపి వదిలేసిన ఊయల ఎట్లా కదులుతుందో ఒక సమీకరణం రాసి, దాన్ని బోర్డు చివరిదాకా సాధించారు. ఫిజా పొల్లు పోకుండా రాసుకుంది. చేతులు దులుపుకుంటూ మాస్టారు అడిగారు.

"ఇవాళ ఎక్కడ జారాను?"

"మీరు జారడమేంటండీ మాస్టారూ!"

"ఊయల ఊపడం మానేస్తే ఏమవుతుంది?"

"మెల్లగా ఆగిపోతుందండీ."

"నా బోర్డు మీద ఏమవుతోంది?"

ఫిజా చూసింది. మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ ఉంది. బోర్డు మీద ఊయల ఎవరూ ఊపకుండానే పెరిగిపోతోంది.

"పెరిగీ పెరిగీ అందులో పిల్లాడి బుర్ర దూలానికి కొట్టుకుంటుంది. నువ్వేమో చక్కగా చూసి రాసుకున్నావు" అన్నారు మాస్టారు. "అది కావాలనే పెట్టా. ఇకమీదట ప్రతి పాఠంలోనూ పెడతా. నువ్వు పట్టాలి. ల్యాబులో మీటరు తప్పు చూపిస్తుంటే మొహమాటపడి ఊరుకుంటావా? బోర్డు ముందున్నవాడూ మీటరే అనుకో."

మొహమాటం! చిన్నప్పట్నుంచీ మనకి నూరిపోసింది ఇంకేమిటి గనక? మాస్టారు చెప్తుంటే తలూపు, అర్థం కాకపోయినా తలూపు, తప్పని తెలిసినా తలూపు. అలా ఊగీ ఊగీ అలవాటైపోయిన తలని ఆయన నిలబెట్టాలనుకున్నారు. నెల తిరిగేసరికి ఫిజా నోరు విప్పింది. "మాస్టారూ, అక్కడ జారారండీ" అని పాఠం మధ్యలోనే అనేసేది. ఆయన పగలబడి నవ్వి, "ఏమేవ్, ఈ పిల్ల నన్ను బతకనిచ్చేట్టు లేదు" అని లోపలికి కేకేసేవారు.

ఒకరోజు మాత్రం నవ్వకుండా చెప్పారు.

"నేను పెట్టినవి పట్టడం పెద్ద గొప్ప కాదు ఫిజా. నాకు తెలియకుండా పడినవి కూడా చెప్పాలి. అసలు అవే చెప్పాలి. మా నాన్న నాగాయలంకలో చివరి రోజుల్లో సొంతిల్లు తెలియక వీధులంట తిరిగాడు. చాన్నాళ్ళ ముందునుంచే మాట తడబడేదట. ఊరందరికీ తెలుసు. ఆయనకొక్కడికే ఎవరూ చెప్పలేదు, బాధపడతాడని. నాకట్లా జరక్కూడదు. నాలో తేడా కనిపిస్తే ఆ రోజే నేను డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఇంట్లోవాళ్ళు చెప్పరు. నువ్వు చెప్తావా?"

"చెప్తానండీ."

"ఒట్టు?"

"ఒట్టండీ మాస్టారూ."

వానలు వెళ్ళాయి, చలి వచ్చింది. లెక్కలు మెల్లగా ఫిజా చేతికి లొంగడం మొదలుపెట్టాయి. పది గొంతులు కలిసిన గోలలోంచి ఒక్కో గొంతునీ విడదీసి చూపించే లెక్క వచ్చింది. బెంగళూరులో తనని నిలబెట్టేసిన ఆ రెండు కొలతల లెక్కని కళ్ళు మూసుకుని కట్టేస్తోంది. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. తప్పు పెట్టబోయే ముందు మాస్టారు చిన్నగా గొంతు సవరించుకునేవారు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు, తనలో తనే నవ్వుకునేది.

క్రిస్మస్ రోజున చర్చి మెట్ల మీద తడికి కాలు జారి మాస్టారు వెనక్కి పడ్డారు. తలకి బొప్పి కట్టింది. సువార్తమ్మ పసుపు వేసి కట్టింది. "న్యూటన్ మీద యాపిల్ పడింది, నేనే యాపిల్‌లా పడ్డా" అని ఆయన అందరినీ నవ్వించారు. బొప్పి తగ్గింది. ఆ పడ్డ సంగతే అందరూ మర్చిపోయారు.

కొత్త సంవత్సరం వచ్చిన కొన్నాళ్ళకి ఒక ఆదివారం మాస్టారు బోర్డు మీద కొలతల పట్టిక రాస్తూ ఒక వరసని రెండుసార్లు రాసి, సగటు కట్టేశారు. ఫిజా ఎదురుచూసింది. ఆయన గొంతు సవరించుకోలేదు.

"మాస్టారూ, ఆ వరస రెండుసార్లు వచ్చిందండీ."

ఆయన బోర్డు వైపు చూశారు. చాలాసేపు చూశారు. సుద్దముక్క కింద పెట్టి కుర్చీలో కూర్చున్నారు.

"పడిందా?"

"పడిందండీ."

"మంచిది. చెప్పావు, మంచిది" అన్నారు. కానీ ఆ రోజు లోపలికి కేకా లేదు, నవ్వూ లేదు. పాఠం సగంలోనే ఆగిపోయింది.

తర్వాతి ఆదివారం సువార్తమ్మ గేటు దగ్గరే కాచుకుని ఉంది. ఫిజా రెండు చేతులూ పట్టుకుంది.

"తల్లీ, వారం నుంచి ఆయన గొంతులో ముద్ద దిగట్లేదే. తెల్లారకుండానే లేచి చిన్నపిల్లాడిలా ఎక్కాలు అప్పజెప్పుకుంటున్నారు. పదిహేడో ఎక్కం దగ్గర ఆగిపోయి ఏడ్చారమ్మా, నేను చూశా. పెద్దాళ్ళయ్యాక ఒక అంకె అటూ ఇటూ అవదా? నువ్వు కాస్త చూసీ చూడనట్టు పోకూడదా?"

"నాతో ఒట్టేయించుకున్నారాంటీ."

"ఆ ఒట్టు తప్పిన పాపమేదో నామీద వేసెయ్. దేవుడికి నేను చెప్పుకుంటాలే. ఆయన తినకపోతే నేను చూడలేనే."

ఈ సువార్తమ్మే రంజాన్ నెలలో ఫిజాకి మజ్జిగ గ్లాసు పెట్టడం మానేసి, ఉపవాసం విడిచే వేళకి రైల్లో ఉంటుందని ఖర్జూరాలూ నీళ్ళసీసా సంచిలో పెట్టి పంపే మనిషి. ఆమె చేతుల్లోంచి తన చేతులు లాక్కోవడం ఫిజా వల్ల కాలేదు. సరేనంది.

అప్పట్నుంచీ గొంతు సవరింపు వినిపించిన తప్పులే చెప్పేది. వినిపించనివి వదిలేసేది. మొదట్లో వారానికొకటి ఉండేవి. తర్వాత పాఠం నిండా అవే. పోయిన వారం చెప్పిన లెక్కనే కొత్తదన్నట్టు మొదలుపెట్టేవారు. ఫిజా తలూపేది. తిరుగు రైల్లో కూర్చుని, ఆయన తప్పు చెప్పిందంతా కొట్టేసి ఒప్పు రాసుకునేది. మాస్టారు తింటున్నారు, నవ్వుతున్నారు, ఇంటర్వ్యూ దగ్గరపడుతోంది, ఇంతలో ఏం మునిగిపోయిందని తనకి తనే సర్దిచెప్పుకునేది. ఆ పిల్లని పట్టుకుని కడిగెయ్యాలనిపిస్తుంది. సువార్తమ్మని అంతకన్నా ఎక్కువ. కానీ ఆ గేటు దగ్గర, ఆ చేతుల మధ్య మనముంటే ఏం చేసేవాళ్ళమో, ఏమో.

ఇంటర్వ్యూకి ముందు ఆఖరి పాఠం. ఆ రోజు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళివారొస్తున్నంత హడావిడిగా ఉన్నారు. పాఠం అయిపోయింది. ఎక్కడ జారానని అడిగారు. గొంతు సవరించుకున్న చోటు ఫిజా చూపించింది.

"అదొక్కటేనా?"

"అదొక్కటేనండీ."

మాస్టారు మొహం వెలిగిపోయింది. "చూశావా! ఆ రోజు ఆ వరస పడ్డాక నాకు నిద్రలేదమ్మా. అప్పట్నుంచీ మనసులో లెక్క పెట్టుకుంటున్నా. నువ్వు పట్టిందల్లా నేను పెట్టిందే. పడింది ఒక్కటీ లేదు. నా బుర్ర గట్టిగానే ఉంది!" అంటూ ఫోను తీసి, విజయవాడలో బ్యాంకులో పనిచేసే కూతురికి అక్కడే చేశారు. "ప్రియా, ఆ మెదడు డాక్టరు దగ్గర నువ్వు తీసుకున్న అపాయింట్‌మెంట్ రద్దు చేసెయ్. అక్కర్లేదు... ఎట్లా తెలుసా? ఇక్కడ నా స్టూడెంటుంది. ప్రయోగాలు చేసే పిల్ల, అబద్ధం చెప్పదు. దాని మాటే నాకు స్కానింగు."

డాక్టరు సంగతి ఫిజాకి అప్పటిదాకా తెలియదు. గుమ్మంలో సువార్తమ్మ నిలబడి ఉంది. ఆమె ఫిజా వైపు చూసింది, ఫిజా ఆమె వైపు చూసింది. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అన్నట్టు ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ఫిజా నోరు తెరిచింది.

"ఏంటమ్మా?" అన్నారు మాస్టారు, ఆ వెలుగు మొహంతోనే.

"ఏం లేదండీ."

బెంగళూరులో ఈసారి ఫిజా ఏ లెక్కకీ ఆగలేదు. పోయినసారి నవ్విన పెద్దాయనే ఉన్నాడు. ఆయన లేచి తనే ఏదో వివరిస్తూ బోర్డు మీద ఒక గుర్తు తారుమారు చేశాడు. "సార్, అక్కడ తప్పు పడింది" అంది ఫిజా, ఆలోచించకుండానే. ఆయన చూసుకుని, దిద్దుకుని, "ఇట్లాంటివాళ్ళే కావాలి మాకు" అన్నాడు. మిగతావాళ్ళు తలూపారు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. సెలెక్టయినట్టు సాయంత్రానికి చెప్పారు. సంతోషం రాలేదు. ముక్కూమొహం తెలియని ఆయనకి ఒక్క క్షణంలో చెప్పేసింది. చెప్పమని బతిమాలుకున్న మనిషికి చెప్పలేకపోయింది. సరాసరి గుడివాడలో దిగాలి, ముందు పడిన తప్పులన్నీ ఆయన ముందు పెట్టాలి, ఆ తర్వాతే సీటు సంగతి చెప్పాలి అనుకుని ఫోను చేసింది. సువార్తమ్మ ఎత్తింది. ఎత్తగానే ఏడుపు.

"మీ మాస్టారు కనపడట్లేదే! నాగాయలంకలో వాళ్ళ చెల్లెలు రాహేలు ఇంట్లో ప్రార్థన ఉందని నిన్న పొద్దున బయల్దేరారు. నేనూ వస్తానంటే, నా బుర్ర బాగుందని ఫిజా చెప్పిందిగా, తోడెందుకే అని ఒక్కరే బస్సెక్కారు. అక్కడికి చేరలేదమ్మా."

ఫిజా వచ్చేసరికి వాళ్ళ నాన్న సలాం, ప్రియ ఇద్దరూ పామర్రు నుంచి అవనిగడ్డ దాకా బస్టాండ్లన్నీ వెతికేసి ఉన్నారు. ఫిజా కూడా వాళ్ళతో కలిసింది. దివిసీమలో దారులంటే ఏముంది, ఎటు చూసినా చెరువులూ గట్లూ, గట్లూ చెరువులూ. కొత్తవాడికే కాదు, అక్కడ పుట్టినవాడికీ దారి తప్పుతుంది. ఆ సాయంత్రానికి దొరికారు. నాగాయలంక దాటాక, సముద్రం వైపు, ఒక రొయ్యల చెరువు గట్టు మీద బురదలో పడి ఉన్నారు. ఒళ్ళు కాలిపోతోంది. ఒక చెప్పు లేదు. కాపలావాళ్ళు ముందు రోజే చూశారట. తాగి పడున్నాడనుకుని వదిలేశారట. జీవితంలో చుక్క ముట్టని మనిషిని! సలాం ఆయన్ని చేతుల మీద ఎత్తుకుని, కారు దాకా ఏడుస్తూనే తీసుకొచ్చాడు.

విజయవాడలో డాక్టరు స్కానింగు చూపించాడు. ఎప్పుడో పడ్డ దెబ్బకి తల లోపల నెత్తురు మెల్లమెల్లగా చేరి మెదడుని నొక్కేస్తోంది. మాట తడబడటం, మరుపు, లెక్క తప్పడం, అన్నీ దానివల్లే. ఆపరేషన్ చేసి తీసేస్తాం గానీ ఇప్పటికే చాలా నొక్కేసింది, దానికి తోడు ఈ జ్వరం అన్నాడు.

"అప్పుడు అపాయింట్‌మెంట్ ఉన్న రోజే తీసుకొచ్చుంటే?" అని అడిగింది ప్రియ.

"చాలావరకు మామూలు మనిషయ్యేవారేమో. ఎంతవరకు అనేది చెప్పలేమమ్మా."

"మీకెవరికీ తెలియలేదా?" అని ప్రియ వెనక్కి తిరిగింది. సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఫిజా నేల చూపులు చూసింది. ఎంతవరకు అన్నది చెప్పలేమట. ఏ కొలతకైనా ఇంత అటూ, ఇంత ఇటూ అని కట్టడం ఆ పిల్లకి నేర్పింది ఆయనే. ఈ ఒక్కటి ఎవరు కట్టగలరు?

మాస్టారు బతికారు. ఇంటికొచ్చారు. అన్నం పెడితే తింటారు, కూర్చోమంటే కూర్చుంటారు. అంతే.

బెంగళూరు బయల్దేరే ముందు ఆదివారం ఫిజా మళ్ళీ అదే పాసింజరెక్కింది. సువార్తమ్మ గేటు తీసింది. వసారాలో అదే కుర్చీ వేసి ఉంది. ఇప్పుడు అందులో మాస్టారు కూర్చుని ఉన్నారు. తలకి ఒకపక్క కుట్ల మీద తెల్ల వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఫిజాని చూసి మర్యాదగా కాస్త ముందుకి జరిగి నమస్కారం పెట్టారు.

ఫిజా బోర్డు ముందు నిలబడింది. సుద్దముక్క తీసుకుని ఊయల లెక్క మొదలుపెట్టింది. ఆయన నేర్పిన వరసలోనే, ఆయన గీసినట్టే గీతలు గీస్తూ. ఆ చోటు రాగానే గొంతు సవరించుకుంది, గట్టిగానే, ఆయనకి వినపడేట్టు. మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ పెట్టింది. బోర్డు చివరిదాకా సాధించి ఇటు తిరిగింది.

"ఇవాళ ఎక్కడ జారానండీ మాస్టారూ?"

ఆయన బోర్డు వైపు చూశారు. తర్వాత ఫిజా మొహంలోకి చూశారు. ఈ అమ్మాయి ఏదో కావాలని అడుగుతోంది, కాదంటే బాధపడేట్టుందని మాత్రం ఆయనకి అర్థమైనట్టుంది. మెల్లగా తలూపారు.

"అంతా కరెక్టేనండీ."

ఆయన అంతకుముందెప్పుడూ ఫిజాని అండీ అనలేదు. ఫిజా వేలితో ప్లస్ చెరిపేసి మైనస్ పెట్టింది.

"ఇక్కడ పడింది మాస్టారూ. చూడండి, ఒక్కసారి చూడండి. ఇప్పుడు?"

మాస్టారు మళ్ళీ చూశారు. మళ్ళీ అదే మర్యాదతో, అదే మొహమాటంతో తలూపారు.

"ఇదీ కరెక్టేనండీ."

ఫిజా సుద్దముక్క పట్టుకునే ఆయన కాళ్ళ దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తున్నది ఎవరో, ఎందుకో ఆయనకి తెలియదు. ఊరికే దాని తల మీద చెయ్యి వేసి, అవునండీ, అవునండీ అంటూ కూర్చున్నారు.